పదకొండేళ్లుగా డయాలసిస్, ఇప్పుడు పాత కిడ్నీలో గడ్డ అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి

గూడూరు_శేషు (వడపళని)

అందరికీ నమస్కారం. మా అన్నయ్యకు 46 ఏళ్లు. పదకొండేళ్లుగా చెన్నైలోనే వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాడు. మూత్రం పూర్తిగా ఆగిపోయి చాలా కాలమైంది. బ్రెయిన్‌డెడ్ దాతల కిడ్నీ కోసం ట్రాన్స్‌టాన్‌లో (తమిళనాడు అవయవ మార్పిడి సంస్థ) పేరు రాయించి ఉన్నాము. పరీక్షలు పాతబడ్డాయి, మళ్లీ అన్నీ చేయించండి అంటే మొన్న కడుపు స్కాన్ తీయించినాము. రిపోర్టులో రెండు కిడ్నీలూ బాగా చిన్నవైపోయినాయి, నిండా సిస్టులు (నీటితిత్తులు), ఎడమ కిడ్నీ కింది భాగంలో 2.6 సెం.మీ. గట్టి గడ్డలాంటిది ఉంది, కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి నరానికి ఎక్కించే మందు) సీటీ తీయండి అని రాసినారు.

ఇంట్లో అందరం అయోమయంలో పడినాము. పనిచేయని కిడ్నీకి క్యాన్సర్ ఎట్లా వస్తుంది? అన్నయ్యకు నొప్పి లేదు, జ్వరం లేదు, బరువు తగ్గలేదు. పైగా ఆరోగ్యం మెరుగైందనే అనుకుంటా ఉన్నాము. ఇదివరకు హెచ్‌బి (హీమోగ్లోబిన్) తొమ్మిది దాటేది కాదు. ఈ మధ్య రక్తం పెరగడానికి వేసే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ ఆపేసినా 13 వస్తా ఉంది. ఇంకొకటి, కాంట్రాస్ట్ మందు కిడ్నీ జబ్బువాళ్లకు పడదని మొదటినుంచీ వింటున్నాము. అది ఎక్కించుకోవచ్చా? అమ్మకు ఇంకా చెప్పలేదు. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

నెఫ్రో_వైద్యురాలు (అడయార్)

శేషు గారూ, ముందు మీ మొదటి ప్రశ్న. కిడ్నీ పనిచేయడం లేదంటే రక్తాన్ని వడగట్టడం లేదని మాత్రమే. మిల్లు మూతపడినా పనివాళ్లు లోపలే ఉన్నట్టు, అందులోని కణాలు బతికే ఉంటాయి. కిడ్నీ చాలాభాగం దెబ్బతిన్నాక, మిగిలిన సన్నటి గొట్టాల కణాలు ఆ లోటు పూడ్చడానికి పెరగడం మొదలుపెడతాయి. శరీరంలో యూరేమియా (రక్తంలో మలినాలు పేరుకోవడం) ఉన్నంతకాలం ఆ పెరుగుదల ఆగదు. గొట్టాలు ఉబ్బి నీటితిత్తులవుతాయి. కొన్ని తిత్తుల గోడల మీద కణాలు పొరలు పొరలుగా పేరుకుంటాయి. క్యాన్సర్ మొదలయ్యేది సాధారణంగా అక్కడే. పుట్టుకతో వంశపారంపర్యంగా వచ్చే పాలీసిస్టిక్ జబ్బు వేరు. అందులో కిడ్నీలు పెద్దవవుతాయి, ఇందులో కుంచించుకుపోయిన కిడ్నీలోనే తిత్తులు వస్తాయి. దీన్ని ఎక్వైర్డ్ సిస్టిక్ కిడ్నీ డిసీజ్ అంటారు. హీమోడయాలసిస్ అయినా, కడుపులో ద్రవం నింపి చేసే పద్ధతి అయినా వస్తుంది. డయాలసిస్ మొదలుపెట్టకముందే కొందరిలో కనిపిస్తుంది.

దీన్ని మొదట గట్టిగా చెప్పింది 1977లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు. డయాలసిస్ మీద ఉండి చనిపోయిన 30 మంది కిడ్నీలను పరీక్షిస్తే 14 మందిలో ఈ తిత్తులున్నాయి. ఆ 14 మందిలో 6 మందికి గడ్డలు కూడా ఉన్నాయి. ఇప్పుడు మనకు తెలిసిందేమిటంటే డయాలసిస్ ఏళ్లు పెరిగేకొద్దీ తిత్తులున్నవాళ్లు పెరుగుతారు. పదేళ్లు దాటినవాళ్లలో నూటికి తొంభై మంది దాకా ఉండొచ్చు. కాబట్టి మీ అన్నయ్యకు తిత్తులుండటం వింత కాదు. ఆ గట్టి భాగం సంగతే తేల్చుకోవాలి.

క్యాన్సర్ ఎంతమందికి వస్తుందంటే, 1999లో లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద పరిశీలన వచ్చింది. అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో డయాలసిస్ చేయించుకున్న ఎనిమిది లక్షల పైచిలుకు మందిని లెక్కలోకి తీసుకున్నారు. అన్ని రకాల క్యాన్సర్లూ కలిపితే మామూలు జనం కంటే పెరిగింది 18 శాతమే. కిడ్నీ క్యాన్సర్ ఒక్కటీ తీసుకుంటే 3.6 రెట్లు, మూత్రాశయం క్యాన్సర్ 1.5 రెట్లు. చిన్నవయసు వాళ్లలో ఈ తేడా ఇంకా ఎక్కువ. రెట్లు విని భయపడకండి. మామూలు జనంలో కిడ్నీ క్యాన్సర్ అరుదు కాబట్టి దానికి మూడున్నర రెట్లయినా చాలామందికి రానట్టే. తిత్తులున్నవాళ్లలో కూడా ఎక్కువ పరిశీలనల్లో వందకు పదిలోపే తేలింది.

కాంట్రాస్ట్ గురించి: ఆ మందు గురించి భయమంతా మిగిలిన కిడ్నీ పనితనం పోతుందనే. మీ అన్నయ్యకు మూత్రమే లేదు కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు. సీటీ అయిన వెంటనే ప్రత్యేకంగా డయాలసిస్ కూడా చేయక్కర్లేదు, మామూలు షిఫ్ట్‌కు వెళితే చాలు. ఇంకా రోజుకు కాస్తో కూస్తో మూత్రం వచ్చేవాళ్ల విషయం వేరు. ఆ కొంచెం మూత్రం వాళ్లకు బంగారం, దాన్ని కాపాడుకోవాలి కాబట్టి ముందు నెఫ్రాలజిస్ట్‌ను అడగాలి. అలర్జీ చరిత్ర ఉంటే ఎవరైనా సరే చెప్పి తీరాలి.

డయాలసిస్_టెక్నీషియన్ (పెరంబూర్)

శేషు అన్నా, నాకు మీ హెచ్‌బి మాట దగ్గరే అనుమానం వచ్చింది. మా యూనిట్‌లో ఎవరికైనా ఇంజెక్షన్ డోసు తగ్గిస్తూ పోతున్నా హెచ్‌బి దానంతట అదే ఎక్కుతుంటే మా సీనియర్ సిస్టర్ స్కాన్ ఎప్పుడు తీశారని అడుగుతారు. ఈ తిత్తుల కణాలే ఎరిత్రోపోయిటిన్ తయారుచేస్తాయి కొందరిలో. గడ్డ కూడా చేయొచ్చు. హెచ్‌బి పెరిగిందంటే క్యాన్సరే అని కాదు, కారణం వెతకాలంతే. ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు, మేమూ మంచిదే అనుకుని చార్ట్‌లో రాసి వదిలేస్తే అక్కడితో పోతుంది.

ఇంకో మాట. తిత్తులున్నవాళ్లకు ఒక్కసారిగా నడుము పక్కన నొప్పి మొదలైతే, మూత్రంలో రక్తం కనిపిస్తే, సూది గుచ్చకముందే మాకు చెప్పండి. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వేస్తాం. లోపల తిత్తి చిట్లి రక్తం కారుతున్నప్పుడు హెపారిన్ వేస్తే ఆ కారేది ఎక్కువవుతుంది. చెబితే డాక్టరుగారిని అడిగి హెపారిన్ లేకుండా, మధ్యమధ్యలో సెలైన్‌తో కడుగుతూ నడుపుతాం. షిఫ్ట్ అయిపోయాక చెప్పేవాళ్లు ఎక్కువ, అందుకే రాస్తున్నాను.

సరస_పెరంబూరు

నేను పద్నాలుగేళ్లుగా డయాలసిస్‌లోనే ఉన్నాను. ఇది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నాకు ఎవరూ ఇట్లా తిత్తుల కోసం స్కాన్ చేయించమని చెప్పలేదు. డాక్టరమ్మా, అయితే మేమందరం ఏటేటా స్కాన్ చేయించుకోవాలా? నాకు ట్రాన్స్‌ప్లాంట్ వద్దన్నారు, గుండె బలహీనం. వయసు 63.

రావు_నంగనల్లూరు

సరస గారు అడిగిందే నాకూ కావాలి. మా నాన్నగారికి 74. షుగరు, రెండు స్టెంట్లు, నాలుగేళ్లుగా డయాలసిస్. ఒక స్కాన్ సెంటరువాళ్లు క్యాన్సర్ ప్యాకేజీ అని చెప్పి పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చేసే రక్తపరీక్ష), ఇంకేవో మార్కర్లు, సీటీ అన్నీ కలిపి చేయిస్తామన్నారు. నెలకు మందులకే చేతిలో డబ్బు ఉండటం లేదు. ఉన్న మనిషిని ఇంకా ఎన్ని పరీక్షలకు తిప్పుతాం? సూదులతో ఆయన చేతులు చూస్తే మనసు తరుక్కుపోతుంది. నిజంగా అవసరమైతే అప్పు చేసైనా చేయిస్తాను, అవసరమా అన్నది చెప్పండి.

నెఫ్రో_వైద్యురాలు (అడయార్)

ఈ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు ఇవ్వడం కుదరదు.

డయాలసిస్‌లో ఉండి, ఆయుర్దాయం తక్కువగా ఉన్నవాళ్లకు, ఏ లక్షణమూ లేకుండా, మామూలుగా క్యాన్సర్ పరీక్షలు చేయొద్దని అమెరికన్ సొసైటీ ఆఫ్ నెఫ్రాలజీ 2012లోనే చెప్పింది. కారణం డబ్బు మాత్రమే కాదు. డయాలసిస్ రోగుల్లో ఎక్కువమందిని తీసుకుపోయేది గుండెజబ్బు, ఇన్‌ఫెక్షన్. నెమ్మదిగా పెరిగే చిన్న గడ్డను వెతికి పట్టుకుని ఆపరేషన్ చేస్తే కొందరికి ఆయుష్షు పెరగదు, ఆపరేషన్ ఇబ్బంది మాత్రం మిగులుతుంది.

రావు గారూ, మీ నాన్నగారి వయసులో, ఆ గుండెతో, ఏ లక్షణమూ లేకుండా ఆ ప్యాకేజీ అక్కర్లేదని నా అభిప్రాయం. ప్రోస్టేట్ క్యాన్సర్ డయాలసిస్ వల్ల పెరుగుతుందని ఆధారం లేదు. పైగా పీఎస్ఏలో ఒక చిక్కుంది. మొత్తం పీఎస్ఏ విలువను కిడ్నీ జబ్బు పెద్దగా మార్చదు. కానీ ఫ్రీ పీఎస్ఏ (రక్తంలో దేనికీ అంటుకోకుండా తిరిగే భాగం) మామూలుగా కిడ్నీల ద్వారా పోయేది, కిడ్నీ పనిచేయకపోతే రక్తంలో నిలిచిపోతుంది. దాంతో ఫ్రీకీ మొత్తానికీ ఉండే నిష్పత్తి తారుమారవుతుంది. ఆ నిష్పత్తి చూసి ధైర్యం తెచ్చుకోవడం తప్పు, భయపడటమూ తప్పు. అయితే ఆయనకు నడుము నొప్పి గానీ, రక్తం గానీ కనిపిస్తే అప్పుడు వయసు అడ్డం చెప్పకండి, వెంటనే చూపించండి.

సరస గారూ, మీ సంగతి మధ్యస్థం. పద్నాలుగేళ్లంటే తిత్తులు ఉండే ఉంటాయి. మీ డాక్టరుగారితో కూర్చుని, ఏదైనా దొరికితే ఆపరేషన్‌కు నా గుండె తట్టుకుంటుందా అని ముందు అడగండి. తట్టుకుంటుందంటే ఒక అల్ట్రాసౌండ్ తీయించుకోవడంలో తప్పులేదు. దానికి సూది లేదు, రేడియేషన్ లేదు, ఖర్చు తక్కువ. తట్టుకోదంటే స్కాన్ మిమ్మల్ని భయపెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

నేను పట్టుబట్టేది ట్రాన్స్‌ప్లాంట్ జాబితాలో ఉన్నవాళ్ల విషయంలో. కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ వైద్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం మూడేళ్లు దాటి డయాలసిస్‌లో ఉన్నవాళ్లు, తిత్తులున్నవాళ్లు, ఇంట్లో కిడ్నీ క్యాన్సర్ ఉన్నవాళ్లు, నొప్పి మాత్రలు ఏళ్లతరబడి వాడి కిడ్నీలు పోగొట్టుకున్నవాళ్లు ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. కొత్త కిడ్నీ పెట్టాక రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు జీవితాంతం వాడాలి. లోపల గడ్డ ఉంటే ఆ మందుల కింద అది చెలరేగే ప్రమాదం ఉంది. వయసు చిన్నదై, గుండె బాగుండి, ఇంకా చాలా ఏళ్ల జీవితం ముందున్నవాళ్లకే ఈ వెతుకులాటతో నిజమైన లాభం.

సూళ్లూరుపేట_కోడలు

మాది మూత్రాశయం కథ. ఇది ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మా ఆయనకు మూత్రం రావడం మానేసి ఆరేళ్లు. ఉతికేటప్పుడు పంచె ముందువైపు రూపాయి బిళ్లంత తుప్పురంగు మరక కనిపించేది. రెండు రోజులు ఉండేది, మళ్లీ వారం ఉండేది కాదు. మూత్రమే రాని మనిషికి మూత్రంలో రక్తం ఏమిటి, పుండేదో అయి ఉంటుందని ఆయన కొట్టిపారేశారు. నేను ఆ మరకను ఫోన్‌లో ఫొటో తీసి డయాలసిస్ డాక్టరుగారికి చూపించాను. ఆయన వెంటనే యూరాలజీకి రాసిచ్చారు. సిస్టోస్కోపీలో (మూత్రదారి గుండా కెమెరా పంపి చూసే పరీక్ష) పుట్టగొడుగులాంటి గడ్డ కనిపించింది. దారిలోంచే గీకి తీసేశారు, ఇప్పుడు కెమెరా పెట్టి మళ్లీ మళ్లీ చూస్తున్నారు. ఆయన ముప్పై ఏళ్లు బీడీలు కాల్చారు, అదే కారణం కావచ్చన్నారు.

మూత్రం రానివాళ్లకు రక్తం ధారగా రాదు. ఒకటి రెండు చుక్కలు, మరక, అంతే. ఇంట్లో బట్టలుతికేవాళ్లకే ముందు తెలుస్తుంది. సిగ్గుపడి దాచొద్దని మగవాళ్లకు చెప్పండి.

నెఫ్రో_వైద్యురాలు (అడయార్)

ఈ పోస్టు ప్రతి డయాలసిస్ యూనిట్ గోడ మీద అంటించదగ్గది, తల్లీ. మూత్రం లేని మూత్రాశయంలో క్యాన్సర్ ఆలస్యంగా బయటపడటానికి కారణం ఇదే. మూత్ర పరీక్షకు మూత్రమే ఉండదు. మరక, పొత్తికడుపులో బరువు, చీము కారడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా చూపించాలి. చీము అయితే అది ఇన్‌ఫెక్షన్ కూడా కావచ్చు, దానికీ వైద్యం కావాలి.

బీడీ, సిగరెట్టు మానడం ఎప్పుడూ ఆలస్యం కాదు. లూపస్ వంటి జబ్బులకు సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఎక్కువ మోతాదులో వాడినవాళ్లు కూడా ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు సిస్టోస్కోపీ గురించి అడగాలి.

సోంపేట_వాసి (అంబత్తూర్)

మాది ఉద్దానం వైపు. మా ఊళ్లో ఇంటికొకరు కిడ్నీ రోగులు. బాబాయి ఇక్కడ నా దగ్గరే ఉండి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఊరివాళ్లు ఎవరో వేరు కషాయం పంపారు, క్రియాటినిన్ దిగుతుందని. ఇక్కడ నాటుమందుల అంగట్లో చూపిస్తే ఈశ్వరమూలి అన్నారు. డయాలసిస్‌లో ఉన్నాడు కదా, పోయేదేముంది, తాగనిద్దామని పిన్ని అంటోంది.

నెఫ్రో_వైద్యురాలు (అడయార్)

వద్దు. దయచేసి ఈ రోజే పారేయండి. ఈశ్వరమూలి అరిస్టొలోకియా జాతి మొక్క. ఆ జాతిలో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది కిడ్నీలను పాడుచేస్తుంది, మూత్రనాళాల లోపలి పొరకు క్యాన్సర్ తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ మొక్కలను మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని తేలిన మొదటి వర్గంలో పెట్టింది. 1990లలో బెల్జియంలో బరువు తగ్గే మాత్రల్లో ఈ జాతి మూలిక కలిసి ఎంతోమంది ఆడవాళ్ల కిడ్నీలు పోయాయి. తరవాత వాళ్లలో చాలామందికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కనిపించింది. తైవాన్‌లో డయాలసిస్ రోగులకు ఈ రకం క్యాన్సర్ ఎక్కువగా రావడానికీ ఇటువంటి మూలికలే ఒక పెద్ద కారణమని అక్కడివాళ్లు తేల్చారు.

ఉద్దానం జబ్బుకు ఇదే కారణమని నేను అనడం లేదు, దాన్ని దీన్ని కలపకండి. పోయేదేముంది అని పిన్నిగారు అంటున్నారు కదా, కిడ్నీ పోయినా మూత్రనాళం ఉంది, మూత్రాశయం ఉంది అని చెప్పండి.

సోంపేట_వాసి (అంబత్తూర్)

పారబోశానండి. పిన్నికి మీ పోస్టు చదివి వినిపించాను.

గూడూరు_శేషు (వడపళని)

సీటీ అయింది. గడ్డ కాంట్రాస్ట్‌ను బాగా పీల్చుకుంటోంది, క్యాన్సర్ అనే అనుకోవాలి అన్నారు. బయటికి పాకలేదు, రక్తనాళంలో లేదు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. బయాప్సీ అక్కర్లేదు, ల్యాపరోస్కోపీతో ఎడమ కిడ్నీ మొత్తం తీసేద్దాం అన్నారు యూరాలజీ సార్. గడ్డ ఒక్కటే తీయలేరా, కుడిదాన్ని కూడా ఇప్పుడే తీసేయించుకుంటే మంచిదా? అమ్మకు నిన్న చెప్పినాము. ఆమె ఒక్క మాటే అడిగింది, కొత్త కిడ్నీ వరస పోతుందా అని.

నెఫ్రో_వైద్యురాలు (అడయార్)

మామూలు మనిషికైతే ఇంత చిన్న గడ్డకు కిడ్నీని మిగల్చాలని సర్జన్లు తాపత్రయపడతారు. మీ అన్నయ్యకు ఆ కిడ్నీతో పని లేదు. దాన్నిండా తిత్తులు, రేపు ఇంకోచోట గడ్డ రావచ్చు. అందుకే మొత్తం తీసేయమంటున్నారు. కుడిదానిలో ఏమీ కనిపించకపోతే చాలామంది సర్జన్లు దాన్ని ముట్టుకోరు. రెండూ ఒకేసారి తీస్తే ఆపరేషన్ పెద్దది, రక్తం ఎక్కించాల్సి రావచ్చు. ట్రాన్స్‌ప్లాంట్ ఆశించేవాళ్లకు రక్తం ఎక్కించడం వీలైనంత తగ్గించాలి, ఎక్కించిన రక్తం వల్ల యాంటీబాడీలు పుట్టి దాత కిడ్నీ కుదరడం కష్టమవుతుంది. కుడిదాన్ని స్కాన్‌తో గమనిస్తూ ఉండాలి, అదీ క్రమం తప్పకుండా.

అమ్మగారి ప్రశ్నకు: అనుకోకుండా స్కాన్‌లో బయటపడిన 3 సెం.మీ. లోపు గడ్డ తీసేశాక ట్రాన్స్‌ప్లాంట్‌కు ప్రత్యేకంగా ఏళ్లు ఆగాల్సిన పని లేదని కేడిగో అంటోంది. అంతకంటే పెద్దదైతే కనీసం రెండేళ్లు, బాగా పెద్దదై పక్కకు పాకితే కనీసం ఐదేళ్లు. ఆఖరి మాట పాథాలజీ రిపోర్టు చూశాక మీ ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ చెప్పాలి. స్కాన్‌లో కొలత, చేతికొచ్చాక కొలత ఒకటే కాకపోవచ్చు. గాయం మానేదాకా జాబితాలో పేరును తాత్కాలికంగా ఆపుతారు. పేరు తీసేశారని అమ్మగారు అనుకోకుండా ముందే చెప్పి ఉంచండి.

డయాలసిస్_టెక్నీషియన్ (పెరంబూర్)

అన్నా, ఆపరేషన్ ముందురోజు డయాలసిస్ ఉండేలా షిఫ్ట్ మార్పించుకోండి, పొటాషియం దిగి ఉండాలి. ఆపరేషన్ తరవాత మొదటి కొన్ని సార్లు హెపారిన్ లేకుండానే నడుపుతారు. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టినది) ఉన్న చెయ్యి మీద బీపీ కట్టొద్దు, సూది వేయొద్దు అని పెద్ద అక్షరాలతో కాగితం రాసి ఆ చేతికే టేపుతో అంటించండి. థియేటర్‌లో మత్తులో ఉంటాడు, ఆయన చెప్పలేడు. బయటికి తెచ్చాక ఫిస్టులా మీద చెయ్యి పెట్టి రక్తం పారే ఆ జలజల ఉందో లేదో మీరే చూడండి. లేకపోతే క్షణం ఆగకుండా నర్సును పిలవండి. నొప్పికి ఏ మాత్ర ఇచ్చినా డయాలసిస్ పేషెంటని గుర్తుచేయండి.

గూడూరు_శేషు (వడపళని)

ఆపరేషన్ బాగా జరిగింది. కాగితం అంటించినాము, థియేటర్ సిస్టర్ చూసి మంచి పని చేశారన్నది. రక్తం ఎక్కించలేదు. పాథాలజీలో 2.4 సెం.మీ., కిడ్నీ లోపలికే పరిమితం, అంచుల్లో ఏమీ లేదు. రకం పేరు ఎక్వైర్డ్ సిస్టిక్ డిసీజ్ అసోసియేటెడ్ రీనల్ సెల్ కార్సినోమా అని రాసినారు, లోపల ఆక్సలేట్ స్ఫటికాలు ఉన్నాయట. దాని గురించి ఆందోళన పడాలా?

నెఫ్రో_వైద్యురాలు (అడయార్)

చాలా సంతోషం. ఆ రకం ఇలా ఎక్వైర్డ్ సిస్టిక్ జబ్బు ఉన్న కిడ్నీల్లోనే కనిపించేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 వర్గీకరణలో దానికి విడిగా చోటిచ్చింది. ఆక్సలేట్ స్ఫటికాలు దాని గుర్తు. ఇలా చిన్నగా ఉన్నప్పుడు దొరికితే ఎక్కువమందికి నెమ్మదిగానే ఉంటుంది. ఏళ్లతరబడి వదిలేసిన గడ్డల్లో కొన్ని సార్కోమాలాంటి మొండి రూపం దాలుస్తాయి, మీవాళ్లకు అది లేదు. కీమో అక్కర్లేదు. ఆ స్లైడ్లు, బ్లాకులు ఎక్కడున్నాయో రాసి ఫైల్లో పెట్టుకోండి, ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ అడగొచ్చు. హెచ్‌బి మళ్లీ దిగొచ్చు, ఇంజెక్షన్ మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు.

సరస_పెరంబూరు

శేషు బాబూ, మీ అన్నయ్యకు నా ఆశీస్సులు. నేను డాక్టరుగారిని అడిగినాను. గుండె ఎకో చూసి, చిన్న ఆపరేషన్ అయితే తట్టుకుంటావమ్మా అన్నారు. అల్ట్రాసౌండ్ తీయించినాను. రెండువైపులా తిత్తులే, గట్టిది ఏమీ లేదు.

కోయంబేడు_కిరణ్

నాకు ట్రాన్స్‌ప్లాంట్ అయి మూడేళ్లు, అమ్మ ఇచ్చింది. అంతకుముందు తొమ్మిదేళ్లు డయాలసిస్. ప్రతిసారీ కొత్త కిడ్నీకి మాత్రమే స్కాన్ తీస్తున్నారు. పాతవి లోపలే ఉన్నాయి కదా, వాటి తిత్తులు పోతాయా?

నెఫ్రో_వైద్యురాలు (అడయార్)

కొత్త కిడ్నీ బాగా పనిచేస్తుంటే పాతవాటిలో తిత్తులు చాలామందికి కుంచించుకుపోతాయి, కిరణ్. క్యాన్సర్ ప్రమాదం మాత్రం పూర్తిగా పోదు, మీరు వాడే మందుల వల్ల కూడా. కొత్త కిడ్నీ పొత్తికడుపులో ముందువైపు ఉంటుంది కాబట్టి స్కాన్ చేసేవాళ్లు అక్కడే చూసి ఆపేస్తారు. ఈసారి చీటీ మీద పాత కిడ్నీలు రెండూ కూడా చూడాలి అని మీ డాక్టరుగారి చేత రాయించుకోండి. పడుకున్నాక స్కాన్ డాక్టరుకు తొమ్మిదేళ్ల డయాలసిస్ సంగతి మీరే నోటితో చెప్పండి.